మూడో మనిషికి చోటు లేని బండి

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
12 జనవరి 1999

చిరంజీవి అమ్మడుకి మావయ్య బంగారురాజు దీవెనలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. అక్కడ మా అక్క, అంటే మీ అమ్మ, తన కోపంతో సహా కులాసాగా ఉందని అనుకుంటాను.

మీ అమ్మ పంపిన ఆవకాయ జాడీ పగలకుండా చేరింది. జాడీకి చుట్టిన పేపర్లో, నూనె మరకల పక్కన ఒక ప్రకటన కనిపించింది. నువ్వు రిసెప్షన్లో కూర్చునే షోరూమ్‌దే. పైకప్పు మడిచేసే ఎర్ర స్పోర్ట్స్ కారు. ఇన్నాళ్ళూ కొనడానికి వచ్చినవాళ్ళకి నడిపి చూపించడానికీ, పత్రికలవాళ్ళు నడిపి వార్త రాయడానికీ వాడారట. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు అమ్మేస్తారట. ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. మూడు రోజుల నుంచి నా చొక్కా ఆవకాయ వాసన కొడుతోంది.

నవ్వకు. ముప్పై ఏడేళ్ళు హార్బర్ ఫెర్రీల మీద ఇంజిన్ డ్రైవర్‌గా పనిచేసి రిటైరయిన వాణ్ణి, నాకు బండి కొనడం రాదా? ఒకరి చేతిలో తిరిగిన పడవ కొనేటప్పుడు మీ తాత నూకన్న ఏమేం అడిగేవాడో అవే అడుగుతున్నాను, దాచకుండా రాయి. ఎందరి చేతులు పడ్డాయి? ఎక్కడైనా గుద్దుకుందా? లోపలికి నీళ్ళు వచ్చాయా? దాని మీద ఎవరైనా ఏడ్చారా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. సీట్లు కచ్చితంగా రెండేనా? వెనక చిన్న బల్లలాంటిదేమైనా ఉందా? మధ్యలో ఒక సన్నటి మనిషి ఇరుక్కోగలడా? గలడంటే నాకు ఆ బండి వద్దు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా వీధి ఎస్టీడీ బూత్‌లో నేను హలో అంటే పక్క పేట డైరీ ఫార్మ్ దాకా వినిపిస్తుంది. అందుకే ఉత్తరం. మీ అమ్మకి చూపించకు. మీ అత్త గవరమ్మకి కూడా ఇంకా చెప్పలేదు.

ఆశీస్సులతో, ఆవకాయ వాసనతో,
బంగారురాజు


విశాఖపట్నం
27 జనవరి 1999

మావయ్యకి, మీ అమ్మడు రెండు చేతులూ జోడించి, పెదవులు బిగబట్టి రాస్తున్నది.

పెదవులు ఎందుకు బిగబట్టానంటే నవ్వొద్దన్నారు కాబట్టి.

నిజం చెప్పమన్నారు. చెబితే మా మేనేజర్ నన్ను ఇంటికి పంపేస్తాడు, అయినా చెబుతున్నాను. ఆ బండిని నడపనివాడు ఈ ఊళ్ళో పాపాత్ముడు. ఒక పత్రికాయన దాన్ని భీమిలి రోడ్డు మీద మూడు రోజులు బాది, "సీటులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి" అని రాశాడు. ఇంకొకాయన దాంట్లో భార్యని ఎక్కించుకుని అరకు వెళ్ళి, తిరిగొచ్చాక వార్తే రాయలేదు. ప్రతి ఆదివారం కాలేజీ కుర్రాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి, కొంటామన్నట్టు మొహం పెట్టి, బీచ్ రోడ్డులో ఒక చుట్టు తిరిగి వెళ్ళేవారు. రెండో గేరు పడేటప్పుడు మూలుగుతుంది. గుడ్డ కప్పు వేయాలంటే ఇద్దరు మనుషులూ, బోలెడు ఓపికా కావాలి. గుద్దుకోవడం ఒక్కసారే, అది కూడా మా షోరూమ్ గోడనే. ఏడ్చింది మాత్రం మా మేనేజర్, అది అమ్ముడుపోక.

సీట్లు రెండే. మధ్యలో చెయ్యి కూడా ఇరకదు.

అది సరే మావయ్యా, రెండో సీటు ఎవరికి? అత్తకి చెప్పలేదంటున్నారు, అమ్మకి చెప్పొద్దంటున్నారు, మూడో మనిషి పట్టకూడదంటున్నారు. నాకు సినిమాలు చూసే అలవాటుందని మీకు తెలుసు కదా!

ఒక మాట మర్చిపోయాను. రెండు తలుపుల మీదా, ముందు డొప్ప మీదా కంపెనీ రాతలున్నాయి. కొంటానంటే పంపేముందు రంగు వేయించి చెరిపించేస్తాను.

మీ మాట దాచిపెట్టడానికి నానా తిప్పలు పడుతున్న
అమ్మడు


డిగ్నాబాద్
10 ఫిబ్రవరి 1999

అమ్మడూ, దీవెనలు తరవాత. ముందు ఈ మాట విను. రాతలు చెరిపించకు! బ్రష్ పట్టుకున్నవాడెవడైనా ఆ బండి దగ్గరికి వస్తే అడ్డం పడుకో.

నీకు మన ఇంటి పద్ధతి తెలియదు, షోరూమ్‌లో ఏసీలో కూర్చునే పిల్లవి. ఒకరి పడవ కొన్నప్పుడు దాని పాత పేరు వెంటనే చెరిపేయకూడదు. మన ఇంటి ఇల్లాలు అణియానికి, అంటే పడవ ముక్కుకి, పసుపు రాసి, అందులో కూర్చుని, కెరటాల దాకా ఒక్కసారి వెళ్ళి రావాలి. అప్పుడు అది మనదవుతుంది. ఆ తరవాతే కొత్త పేరు. అంతవరకూ పాత పేరుతోనే తిరగాలి. మీ తాత ఈ పద్ధతి తప్పలేదు, నేనూ తప్పను. నీళ్ళ మీద తిరిగేదైనా నేల మీద తిరిగేదైనా ఒకటే. అక్కడ ఏం రాసి ఉందో కూడా నాకు చెప్పనక్కర్లేదు. అదే దాని పేరు.

రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులోంచి డ్రాఫ్ట్ తీసి దీనితో పంపుతున్నాను. వచ్చే ఓడకి బండి ఎక్కించు. మూలిగే గేరు గురించి దిగులు లేదు, నేను మూలగని ఇంజిన్‌ని ఇంతవరకూ చూడలేదు.

రెండో సీటు సంగతి నీకెందుకు?

తొందరలో ఉన్న
మావయ్య


విశాఖపట్నం
3 మార్చి 1999

మావయ్యా, నేను మీ ముందు గుంజీళ్ళు తీస్తున్నాననుకోండి.

బండి నిన్న ఓడెక్కింది, ఓడ రేపు కదులుతుంది. మా మేనేజర్ కొబ్బరికాయ కొట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. అది మంచి కబురు.

చెడ్డ కబురు. మీ ఉత్తరం నా హ్యాండ్‌బ్యాగ్‌లో అమ్మకి దొరికింది. నేను చెప్పలేదు, ఒట్టు. అమ్మ ఉత్తరమంతా వదిలేసి చివరి ముక్క ఒక్కటే నాలుగుసార్లు చదివించుకుంది. "రెండో సీటు సంగతి నీకెందుకు?" చదివించుకుని చదివించుకుని గుండెలు బాదుకుంది. "నా తమ్ముడికి ఈ వొయసులో ఇదేటే! గవరమ్మ లాంటి పిల్లని అట్టుకుని, ఎర్ర కారు కొంతాడా? ఎవుర్ని తిప్పుతాడే అందులో?" అంటూ వీధిలో ఉన్న ఇద్దరు ముసలమ్మలని కూడా పిలిచి కూర్చోబెట్టింది. ముగ్గురూ కలిసి, ఆ రెండో సీటులో కూర్చునే ఆవిడ వయసు ముప్పై అయిదని తేల్చేశారు. కళ్ళజోడు ఉంటుందట. ఎలా తెలిసిందో నన్నడక్కండి.

ఇంకొకటి. మీరు వద్దన్నా చెప్పక తప్పదు. తలుపుల మీద ఏం రాసుందో తెలుసా? "రండి! కూర్చోండి! మీరే నడిపి చూడండి!" నేవీ వాళ్ళ కోసం ముందు డొప్ప మీద అదే మాట హిందీలో, ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది. కింద "డబ్బు కట్టనక్కర్లేదు" అని కూడా ఉంది. ఇది పేరు కాదు మావయ్యా. కనీసం ఒక దుప్పటైనా కప్పండి.

మీ వైపే ఉన్న, ఎందుకున్నానో తెలియని
అమ్మడు


డిగ్నాబాద్
22 మార్చి 1999

అమ్మడుకి, పరువు పోయిన మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, బండి ఒకే ఓడలో వచ్చాయి. ముందు బండే దిగింది. హాడో జెట్టీలో క్రేన్ దాన్ని పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పింది. జెట్టీలో ఉన్న వాళ్ళంతా తలెత్తి చదివారు. కూలీలు, పోలీసులు, ఓడ దిగుతున్న వాళ్ళు. హిందీ ఇక్కడ అందరికీ వచ్చు కదా. నేల మీద చక్రం ఆనకముందే కింద పదకొండు మంది లైను కట్టారు. "చలాయియే అని రాసుంది కదా చాచా, చాబీ దేవో" అంటాడొకడు. తాళం ఇమ్మంటే నేనేం చెప్పను? రాత నాదే, బండి నాదే.

ఇంటికి తెచ్చాను. మీ అత్త పసుపు కలుపుకుని బయటికి వచ్చింది. డొప్ప చదివింది. తలుపు చదివింది. పసుపు గిన్నె గట్టు మీద పెట్టేసింది.

"రండి, కూసోండి అని ఊరందరికీ రాసున్న బండిలో నానెక్కాలా? నానేటి మ్యూజియంలో బొమ్మనా? పహలే ఆ రాత తీసీ, తరవాత చూద్దాం."

"నువ్వెక్కి ఒక చుట్టు వస్తేనే కదా రాత తీయాలి" అన్నాను.

"రాత తీస్తేనే కదా నానెక్కుతాను" అంది.

అప్పటి నుంచి అక్కడే ఉన్నాం. ఆవిడ ఎక్కదు, నేను చెరపను. ఈలోగా బండి మాత్రం రోజంతా తిరుగుతోంది. జీపు డ్రైవర్లు, లారీ డ్రైవర్లు, ఒక స్కూల్ హెడ్మాస్టర్ కూడా. నవ్వుతూ వస్తారు, తాళం తీసుకుంటారు. కాదంటే డొప్ప చూపిస్తారు.

ఇక మీ అమ్మకి చదివి వినిపించు, గట్టిగా. కళ్ళజోడావిడ లేదు. ఆ సీటు గవరమ్మది. మాకు పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. వైజాగ్ నుంచి వచ్చిన ప్రతి ఓడా మా ఇంటి మీదకి ఇద్దరినో ముగ్గురినో దింపింది. పని దొరికేదాకా, గది దొరికేదాకా, పెళ్ళయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో చిడియా టాపూకి తీసుకెళ్ళి సముద్రంలో పొద్దు కుంకడం చూపిస్తానన్నాను. మొదటిసారి ఎనిమిది మంది బయల్దేరారు. రెండోసారి పదిహేను మంది, రెండు మేకపోతులు. ఆవిడ అక్కడ కూడా వంటే చేసింది, పొద్దు కుంకినప్పుడు పొయ్యి ఊదుతూ ఉంది. నా భార్యతో నేను ఒక్కడినే ఒక గంట గడిపి ఎరగను అమ్మడూ. అందుకే ఎవరూ "నేనూ వస్తాను" అనడానికి వీల్లేని బండి కొన్నాను. మరో కారణం లేదు. చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

మీ అమ్మని మాత్రం ఇక్కడికి రానివ్వకు.

మావయ్య


విశాఖపట్నం
3 ఏప్రిల్ 1999

మావయ్యా, ఏ మొహంతో రాయాలో తెలియక రిసెప్షన్ మొహంతోనే రాస్తున్నాను.

మీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. అమ్మ మొన్ననే ఓడెక్కేసింది. రెండు సంచులు, ఒక చేపల కత్తి. కత్తి వంటకే అంది. "ఆ సీట్లో ఎవరు కూసుంటారో సూత్తాను, ముందు నానే కూసుంటాను" అని శపథం చేసి మరీ వెళ్ళింది.

మీరు రాసింది చదివి ఆఫీసులోనే ముక్కు ఎర్రబడేలా ఏడ్చాను. సిగ్గెందుకు మావయ్యా? ఇదే మాట మొదటి ఉత్తరంలో రాసుంటే కళ్ళజోడావిడ పుట్టేదే కాదు.

ఇప్పుడు చిన్నదాన్నయినా ఒకటి అడుగుతాను. అత్త నిజంగా ఆ రాత కోసమే ఎక్కనంటోందా? ఊరి వాళ్ళందరికీ ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన మనిషి, తలుపు మీద "రండి, కూర్చోండి" అని ఉంటే ఎందుకు కోప్పడుతుంది? ఆవిడ నోటి నుంచి వచ్చే మాట అదే కదా. సూటిగా అడగండి. అడగడం రాకపోతే అమ్మ చేత అడిగించకండి.

మీ అమ్మడు


డిగ్నాబాద్
27 ఏప్రిల్ 1999

అమ్మడుకి, సొంత బండికి కాపలావాడైన మావయ్య రాయునది.

మీ అమ్మ దిగింది. దిగగానే సంచులు నా చేతికిచ్చి, నేరుగా వచ్చి రెండో సీటులో కూర్చుంది. మొదటి వారం దిగలేదంటే నమ్ము. మార్కెట్‌కి వెళ్ళినా, మిన్నీ బే ఒడ్డుకి వెళ్ళినా నా పక్కన మా అక్కే. కొంగు తలకి చుట్టుకుని, దారిలో కనిపించిన ఆడవాళ్ళందరి మొహాలూ పరీక్షగా చూసేది. పాపం, కళ్ళజోడు పెట్టుకున్న పోస్టాఫీసు ఆవిడ ఒకసారి నాకు నమస్కారం పెట్టింది. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు. ఆఖరికి మీ అత్తే మీ అమ్మని కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. ఆవిడకి మొదటి నుంచీ తెలుసట! ఆవకాయ వాసన కొట్టే కాగితం నా జేబులో చూసినప్పుడే అర్థమయిందట.

తరవాత జరిగింది విను. మా వీధిలో జీపు నడిపే పోలిరాజు లేడూ, వాడికి పెళ్ళయి మూడు నెలలు. పెళ్ళాం పేరు గురువమ్మ. రెండు గదుల్లో తొమ్మిది మంది. వాళ్ళిద్దరూ ఒక సాయంత్రం బండి తీసుకెళ్ళి అరగంటలో తిరిగొచ్చారు. మీ అత్త ఆ పిల్లకి టీ ఇచ్చి "ఏటి చూశారు?" అంది. ఆ పిల్ల సిగ్గుపడి, "ఏటీ చూళ్ళేదు పిన్నీ. మేమిద్దరమే ఉన్నాం" అంది.

అంతే. మర్నాటి నుంచి తాళం మీ అత్త బొడ్లోకి వెళ్ళింది. కుర్రాళ్ళకి, హెడ్మాస్టర్‌కి, ఒంటరిగా వచ్చే ఎవరికీ ఇవ్వదు. మొగుడూ పెళ్ళాలకే. రోజుకి మూడు జంటలకి, అరగంట చొప్పున. ఎవరి తరవాత ఎవరో ఆవిడే చెబుతుంది. నడపడం రానివాళ్ళ కోసం ఒక ఏర్పాటు చేసింది. నేను బండిని మిన్నీ బేలో సముద్రం వైపు ఆపి, దిగిపోయి, దూరంగా గొడుగేసుకుని నిలబడాలి. వాళ్ళు లోపల కూర్చుంటారు. అరవై ఏళ్ళ గవరయ్య, వాళ్ళావిడ కూడా కూర్చున్నారు. బండి కదలకపోయినా ఫరవాలేదట! స్పోర్ట్స్ కారు అమ్మడూ అది!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో ప్రతివాడూ పెళ్ళాంతో కూర్చుంటున్నాడు, కొన్నవాడు ఎండలో నిలబడుతున్నాడు. నువ్వు చెప్పినట్టు సూటిగా అడిగాను. రాత సంగతి వదిలేసి నిజం చెప్పమన్నాను. బియ్యం ఏరుతూ చెప్పింది, నా వైపు చూడలేదు.

"ఇద్దరమే ఎల్తే దార్లో ఏటి మాటాడుకుంటాం మావా? ఇంట్లో అయితే ఎవలో ఒకలుంటారు. ఎవలు తిన్నారు, ఎవలు తిన్లేదు, అవే మాటలు. అవైపోతే నా దగ్గర ఇంకేటీ లేకపోతే? నువ్వు చూసి, బస్, ఇంతేనా అనుకుంటే?"

నేను ఫెర్రీలో వందమందికి అరిచి సమాధానం చెప్పినవాణ్ణి. నాకూ అదే భయమని ఆ క్షణంలోనే తెలిసింది. బయటికి వెళ్ళి టైర్లలో గాలి చూశాను.

మావయ్య


విశాఖపట్నం
8 మే 1999

మావయ్యా, టైర్లలో గాలి బాగానే ఉంటుంది, నేనే పంపేముందు చూపించాను. లోపలికెళ్ళి "నాకూ భయమే" అని అత్తతో చెప్పండి. అంతకంటే నాకేమీ తోచడం లేదు.

అమ్మని ఇప్పుడే పంపకండి. ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది.

అమ్మడు


డిగ్నాబాద్
21 మే 1999

అమ్మడుకి మావయ్య దీవెనలు, అత్తవి కూడా. పక్కనే కూర్చుని ఏం రాస్తున్నావని అడుగుతోంది.

నువ్వు చెప్పమన్న ముక్క చెప్పాను. కూర తరుగుతూ ఉంది, తల ఎత్తకుండా "నిజంగానా?" అంది. నిజంగానే అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయింది. అయిదు రోజులు గడిచాయి.

ఆరో రోజు, మంగళవారం, లైను చెబుతూ ఉంది. "రేపు నాలుగింటికి సాంబారు హోటలు వాళ్ళు. నాలుగున్నరకి మనం."

"మనం అంటే?" అన్నాను.

"నువ్వు, నాను. నువ్వా మాట చెప్పిన రోజే ఎనకాల చేర్చాను. ముందున్నోళ్ళు అవ్వాలి కదా."

"మరి ఆ రాత?"

"లైన్లో ఉన్నోళ్ళందరూ ఆ రాత చదివే ఎక్కారు. మనకి అలగ్ రూలా, వేరేగా?"

బుధవారం బండి అణియానికి, అదే, ముందు డొప్పకి పసుపు రాసింది. హిందీ అక్షరాల మీదే రాసింది. మీ అమ్మ అలవాటు కొద్దీ తలుపు దాకా వచ్చి, సీటు వైపు చూసి, తనే చెయ్యి వెనక్కి తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. తను ముక్కు తుడుచుకోవడం నేను చూశాను, నువ్వు అడిగితే ఒప్పుకోదు.

చిడియా టాపూ దారి పట్టాం. పాతిక కిలోమీటర్లు. మొదటి పది కిలోమీటర్లు ఒక్క మాట లేదు. నిజంగా లేదు, నేను గొప్ప కోసం రాయడం లేదు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని రోడ్డు చూసింది. నేను రెండో గేరు మూలుగు విన్నాను. అయిపోయింది బంగారురాజూ, నీ దగ్గరా ఏమీ లేదు, అనుకున్నాను. అప్పుడు వాన మొదలైంది. బండి ఆపి కప్పు వేయబోతే సగంలో ఇరుక్కుంది, ఇద్దరం చెరోవైపు లాగాం, రాలేదు. తడిసి ముద్దయ్యాం. ఆవిడ నవ్వింది. నవ్వుతూ, "మా అమ్మ నన్ను నీకిచ్చేముందు నానేటన్నానో తెలుసా?" అంది. ముప్పై రెండేళ్ళలో ఆ సంగతి నాకు చెప్పలేదు. ఏమందో నీకు రాయను.

పొద్దు కుంకడం మాకు కనిపించలేదు, మబ్బు కమ్మింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు కూడా. తిరిగి వస్తూ ఆవిడ చెబుతూనే ఉంది. చిన్నప్పుడు ఈ దీవిలో మొదటిసారి భయపడిన రోజు గురించి, తను పాడడం మానేసిన పాటల గురించి, నన్ను మొదట చూసినప్పుడు నా చెవులు నచ్చలేదని. నేను కూడా మాట్లాడాను అమ్మడూ, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

డిగ్నాబాద్‌లో ఇంటి ముందు బండి ఆపాను. మా అరగంట ఎప్పుడో దాటిపోయింది. మా తరవాత వంతు వాళ్ళు గొడుగుల కింద నిలబడి చూస్తున్నారు. మీ అమ్మ గుమ్మంలోంచి అన్నానికి రమ్మని కేకేసింది. నేను దిగబోతే గవరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకా చెప్పడం అవలేదు. బండి పోనీ" అంది.

పోనిచ్చాను.

మీ మావయ్య, అత్త